పాపను డే కేర్‌లో దింపి ఆఫీసుకు వెళ్ళడానికి మాకు పట్టిన పదకొండు వారాలు

మా పాప 2024 నవంబర్ 18న పుట్టింది. ప్రసవానికి మూడు వారాల ముందే, అక్టోబర్ 28న, నేను సెలవులోకి వెళ్ళాను కనుక చట్టప్రకారం వచ్చే 26 వారాల ప్రసూతి సెలవు 2025 ఏప్రిల్ 27తో అయిపోయింది. ఆపైన మిగిలి ఉన్న ఆర్జిత సెలవు ముప్ఫై రోజులు, జీతం లేని సెలవు పన్నెండు రోజులు కలుపుకుని జూన్ 9 సోమవారం నాడు విజయవాడ బందరు రోడ్డులోని మా ఆఫీసులో తిరిగి చేరాలని నిర్ణయించుకున్నాను. మా అమ్మ గుంటూరులో నాన్నగారిని డయాలసిస్‌కు తీసుకువెళ్ళి తీసుకురావడంతోనే అలసిపోతోంది. తెనాలిలో ఉండే మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు; పటమటలో మేముండే రెండో అంతస్తుకు చంటిబిడ్డను ఎత్తుకుని ఎక్కలేరు. ఇంట్లోనే ఒక ఆయాను పెట్టుకుందామని అనుకున్నాము గానీ, తలుపులు వేసి ఉన్న ఇంట్లో మాట రాని బిడ్డను ఒక్క మనిషికి అప్పగించి పదిగంటలు బయట ఉండే ధైర్యం మాకు లేకపోయింది. యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలే క్రెష్ (ఉద్యోగుల పిల్లలను చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలని చట్టం చెబుతోంది. మా ఆఫీసులో ఉన్నది ముప్ఫై నలుగురం. కాబట్టి వెతుకులాట మాదే అయింది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని ఆ రోజుల్లో, ఫిబ్రవరి 24న, పాపకు 14 వారాల టీకాలు వేయించడానికి వెళ్ళినప్పుడు మా పిల్లల డాక్టరుగారు చెప్పిన మాట నాకు దారి చూపింది. "గోడల మీద బొమ్మలు చూసి చేర్చకండమ్మా. ఆయాల చేతులు చూడండి. బిడ్డ ఏడిస్తే ఎవరు, ఎంతసేపటికి పలుకుతున్నారో చూడండి. పలికేటప్పుడు బిడ్డ కళ్ళలోకి చూస్తున్నారో లేదో అది కూడా చూడండి" అన్నారావిడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో పసిబిడ్డల పెంపకం గురించి ఒక మార్గసూచిక తెచ్చాయనీ, అందులో ఆరోగ్యం, పోషణ, భద్రత, నేర్చుకునే అవకాశం అన్నవాటితోపాటు బిడ్డ సంజ్ఞకు వెంటనే తగినట్టు స్పందించడాన్ని కూడా సమానంగా ఉంచారనీ ఆవిడే వివరించారు. నిజానికి నేను ఆ రోజు వరకు డే కేర్ అంటే శుభ్రత, సీసీ కెమెరా, ఇంటికి దగ్గరగా ఉండడం, ఇంతే అనుకున్నాను.

మార్చి రెండో వారంలో ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. రెండుచోట్ల "నడక వచ్చాక తీసుకురండి" అని పెట్టేశారు. మిగిలిన నాలుగింటిని ఏప్రిల్‌లో శనివారాలు చూసుకుని స్వయంగా వెళ్ళి చూశాము. మొదటిది ఏసీ గదులతో, రంగురంగుల గోడలతో చూడముచ్చటగా ఉంది. అయితే ఏడాదిలోపు పిల్లలు ఆరుగురిని కుర్చీల్లో బెల్టులు పెట్టి కూర్చోబెట్టి, ఎదురుగా టీవీలో ఇంగ్లీషు పాటలు వేసి ఉంచారు. "పిల్లలు అల్లరి చేయరండీ, ఇప్పటినుంచే రైమ్స్ వచ్చేస్తాయి" అని అక్కడి మేనేజరు ఎంతో నమ్మకంగా చెప్పారు. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు చూపవద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘమే చెబుతుండగా, అక్కడ అదే పాఠంగా నడుస్తోంది. రెండోచోట కూర్చోవడం కూడా రాని పిల్లలను వాకర్లలో వేశారు. మూడోచోటు గురించి తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది. మేము వెళ్ళింది మధ్యాహ్నం ఒంటిగంటకు. పదిహేనుమంది పిల్లలున్న గదిలో ఒక్క ఆయా ఉంది. ముగ్గురు పసివాళ్ళను వరుసగా పడుకోబెట్టి, మడతపెట్టిన తుండుగుడ్డల మీద పాలసీసాలు ఆనించి నోళ్ళలో పెట్టింది. పాలు గొంతుకు అడ్డుపడితే పక్కకు తిరగడం కూడా రాని వయసు వాళ్ళది. నేను అక్కడే ఒక సీసా తీసి పట్టుకుని కూర్చున్నాను. ఆ ఆయాను తప్పుపట్టలేను. రెండు చేతులతో పదిహేనుమందిని ఎవరు చూడగలరు?

నాలుగోది ఏప్రిల్ 19న చూశాము. పటమటలోనే ఒక సందులో, వేపచెట్టున్న పాతకాలపు డాబా ఇల్లు. బోర్డు కూడా చిన్నదే. ఏడాదిలోపు పిల్లల గదిలో ఐదుగురు బిడ్డలు, ఇద్దరు ఆయాలు ఉన్నారు. నేలమీద పరుపు, గోడకు కింది అంచున ఒక అద్దం, వెదురుబుట్టలో గుడ్డబంతులు, చెక్క గరిటెలు, మూతలున్న స్టీలు గిన్నెలు కనిపించాయి. ఖరీదైన బొమ్మ ఒక్కటీ లేదు. ఆ డే కేర్ నడిపే మేడమ్ మమ్మల్ని గుమ్మం పక్కన ఒక పీటమీద కూర్చోబెట్టి, "ఎంతసేపైనా చూడండి, మాట్లాడవద్దు" అన్నారు. నలభై నిమిషాలు కూర్చున్నాను. అక్కడ పెద్దవయసు ఆయమ్మ ఒక బాబుకు తడిసిన లంగోటీ మారుస్తూ, "కాలు ఎత్తుతున్నా నాన్నా... ఇదిగో నీళ్ళు, చల్లగా ఉంటాయి" అని ప్రతి పనికీ ముందు చెప్పి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు చేస్తోంది. వాడు "ఊ" అంటే తను "ఊఁ, అవునా?" అని మళ్ళీ ఆగుతోంది. వాడు మళ్ళీ ఊకొట్టాడు. లంగోటీ మార్చడానికి పట్టిన నాలుగు నిమిషాల్లో వాళ్ళిద్దరి మధ్య ఓ పది మాటల సంభాషణ జరిగింది. ఇంట్లో నేను ఫోను చెవికి ఆనించుకుని అదే పనిని ఎన్నిసార్లు మౌనంగా ముగించేశానో గుర్తొచ్చి నాకు కళ్ళు తడిశాయి. మాటలు రాని బిడ్డకు చదువంటే ఏమిటో నాకు ఆ పీటమీద కూర్చున్నప్పుడే అర్థమైంది.

నెలకు 7,500 రూపాయలు, చేరేటప్పుడు 5,000 రూపాయలు కట్టాలన్నారు. ఆ అయిదువేలలో సగం మానేసేటప్పుడు తిరిగి ఇస్తారు. సాయంత్రం ఆరున్నర దాటితే ప్రతి అరగంటకూ వంద రూపాయలు. మొదట ఏసీ డే కేర్‌లో చెప్పిన 12,000తో పోలిస్తే ఇది మాకు అందుబాటులో ఉన్నదే. కానీ ఖాళీ లేదు. ఐదుగురికి మించి ఆ గదిలో తీసుకోమనీ, ఒక బాబు కుటుంబం జూన్‌లో హైదరాబాదు మారబోతోందనీ, ఖాయమైతే పిలుస్తామనీ చెప్పారు. పిలుపు మే 22న వచ్చింది. ఆ ముప్ఫైమూడు రోజులు నాకు నిద్రపట్టలేదు. ప్రసవానికి ముందే పేరు నమోదు చేసుకునే వీలుందని తరువాత తెలిసింది. అంతకుముందు ఎవరైనా ఆ ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

ఆ వ్యవధిలో కాగితాలు సిద్ధం చేశాము. జనన ధ్రువపత్రం, టీకాల కార్డు నకలు, డాక్టరు ఇచ్చిన చీటీ, బిడ్డను తీసుకువెళ్ళడానికి మేము అనుమతించే మనుషుల ఫొటోలు అడిగారు. మెడలో గొలుసు, చేతికి నల్లపూసలు, వెండి మువ్వలున్న మొలతాడు ఏవీ ఉండకూడదన్నారు. ఊడిపడిన పూసను పక్క బిడ్డ నోట్లో పెట్టుకుంటే ప్రమాదమట. అత్తయ్యగారు ఈ మాటకు చాలా నొచ్చుకున్నారు. "దిష్టి తగలదా అమ్మాయ్? పైగా ఆరునెలల పసిగుడ్డును ఎవరి చేతుల్లోనో పెట్టడమేమిటి?" అని ఫోనులో ఏడ్చారు. చివరికి పాప అరికాలిలో దిష్టిచుక్క పెట్టి పంపడానికి ఒప్పుకున్నారు. కంటికి కాటుక మాత్రం డాక్టరుగారు మొదటినుంచీ వద్దన్నారు.

పాల విషయం మేము ఊహించినదానికంటే ఎంతో కష్టమైంది. పిండిన తల్లిపాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలువ ఉంటాయని తెలుసుకున్నాను. కానీ విజయవాడలో మే నెల గదికి 25 డిగ్రీలు ఎక్కడివి? అందుకని పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మంచుదిమ్మలున్న చిన్న పెట్టెలో తీసుకువెళ్ళాలని అనుకున్నాము. పాలు పిండే చేతిపంపు 1,300, పెట్టె 900 రూపాయలు అయ్యాయి. తీరాచూస్తే పాప సీసా ముట్టలేదు. మూడు రకాల పీకలు మార్చాము, 1,100 రూపాయలు పోయాయి, పీక నోట్లో పెట్టగానే తల తిప్పేసుకుని ఏడ్చేది. మే 27న అత్తయ్యగారు తెనాలినుంచి వచ్చారు, డే కేర్ వద్దని మరొక్కసారి చెప్పడానికే. మరునాడు పొద్దున పాప పాట్లు చూసి, సంచిలోంచి మావారు చిన్నప్పుడు తాగిన వెండి ఉగ్గుగిన్నె తీసి, పాపను ఒళ్ళో నిటారుగా ఆనించుకుని, గిన్నె ముక్కును కింది పెదవికి తాకించి ఆగారు. పాప తనే నాలుక చాచి చప్పరించింది. అరవై మిల్లీలీటర్లు తాగేసింది. డే కేర్‌లో వెండివి పెట్టుకోరు కనుక వన్‌టౌన్‌లో స్టీలుది 120 రూపాయలకు కొన్నాము. ఆ తరువాత అత్తయ్యగారు వద్దన్న మాట ఎత్తలేదు. "ఆ ఆయమ్మకు ఇలా పట్టమని నేనొచ్చి చూపిస్తాను" అన్నారు, చూపించారు కూడా.

జూన్ 2 సోమవారం పాపతో మొదటిసారి వెళ్ళాను. అప్పటికి తనకు ఆరున్నర నెలలు. మొదటి రెండు రోజులు నేను గదిలోనే గంటసేపు కూర్చున్నాను. పాపను ఎవరూ నా ఒళ్ళోంచి తీసుకోలేదు. మూడో రోజు పది నిమిషాలు వరండాలోకి వెళ్ళమన్నారు. నాలుగో రోజు అరగంట. మా బంధువుల్లో అందరూ "చూడకుండా మెల్లగా జారుకో, ఏడవదు" అని సలహా ఇచ్చినవారే. మేడమ్ దానికి ససేమిరా అన్నారు. "చెప్పకుండా మాయమైతే, అమ్మ ఎప్పుడు మాయమవుతుందో అన్న భయం మిగులుతుంది. చెప్పి వెళ్ళండి, ఏడుస్తుంది, ఏడవనివ్వండి. మేమున్నాం" అన్నారు. నేను కట్టి విడిచిన పాత నూలుచీర ఒకటి అడిగి తీసుకున్నారు. పక్కలో వేస్తారేమో అనుకున్నాను. ముఖం మీద గుడ్డ పడకూడదని పక్కలో ఏమీ వేయరట, పిల్లలను వెల్లకిలానే పడుకోబెడతారట. ఆ చీర ముక్కను ఆయమ్మ తన భుజం మీద వేసుకుని పాపను ఎత్తుకుంది.

జూన్ 9న ఆఫీసులో చేరాను. పొద్దున తొమ్మిదింటికి పాపను అందించి, "సాయంత్రం వస్తానమ్మా" అని చెప్పి గేటు దాటేసరికి ఏడుపు మొదలైంది. బండి తీయలేక వేపచెట్టుకింద నిలబడిపోయాను. నలభై నిమిషాలు ఏడ్చిందని నోటుపుస్తకంలో రాశారు. అబద్ధం చెప్పి ఊరడించకుండా ఉన్నదున్నట్టు రాసినందుకు ఆ రోజు కష్టంగా అనిపించినా, తరువాత ఆ పుస్తకాన్నే నమ్ముకున్నాను. రోజంతా కలిపి పాప తాగింది తొంభై మిల్లీలీటర్లు. ఇటు నాకు రొమ్ములు గట్టిపడి, జ్వరం వచ్చినట్టయి, ఫైళ్ళ గదికి గడియపెట్టుకుని పాలు పిండుకున్నాను. బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండు పాలిచ్చే విరామాలు తల్లికి హక్కుగా ఉన్నాయి. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాక ఒప్పుకున్నారు. వాటిని భోజన విరామంతో కలుపుకుని పది రోజులు మధ్యాహ్నం ఎండలో వెళ్ళి పాలిచ్చి వచ్చాను. పాలు తాగేది గానీ, నేను లేవగానే పొద్దుటి ఏడుపు మళ్ళీ మొదటినుంచీ ఏడ్చేది. ఆలోచించి, బాధపడి, మధ్యాహ్నం వెళ్ళడం మానుకున్నాను. అది సరైనదో కాదో ప్రతి తల్లీ తన బిడ్డను చూసి తేల్చుకోవలసిందే. మా పాపకు మానుకోవడమే కుదిరింది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది మరొకటి. రెండో వారంనుంచి పగలు బాగానే ఉంటోందని రాస్తున్నారు, నేను సాయంత్రం గుమ్మంలో కనబడగానే మాత్రం భోరుమనేది. ఇక్కడ ఏదో జరుగుతోందని మనసు కీడు శంకించింది. ఒకరోజు చెప్పకుండా అయిదింటికే వెళ్ళి కిటికీలోంచి చూశాను. పాప ఆయమ్మ మోకాళ్ళమీద ఊగుతూ కిలకిలలాడుతోంది. నన్ను చూసింది, పెదవి విరిచింది, ఏడ్చింది. "పగలంతా బిగపట్టుకున్నది మీ దగ్గర విడిచిపెడుతుందమ్మా, మీరు తన మనిషి కదా" అని ఆయమ్మ అంది. దొంగచాటుగా వచ్చానని గ్రహించి కూడా ఆమె నొచ్చుకోలేదు.

జూన్ 18 బుధవారం పదకొండున్నరకు ఫోను వచ్చింది: జ్వరం 101. మందు వేయకుండా జ్వరం తగ్గి 24 గంటలు గడిస్తేగానీ తిరిగి రానివ్వరు. ఆదివారం దాకా ఇంట్లోనే. జూలైలో జలుబు రెండుసార్లు పట్టింది. మొదటి రెండు నెలల్లో మావారు, నేను కలిపి తొమ్మిది రోజులు సెలవు పెట్టాము. డాక్టరుకు, మందులకు 2,300 ఖర్చయింది. కొత్తగా చేర్చేవారు ఈ సెలవులను ముందే లెక్కలో వేసుకోవాలి, నేను వేసుకోలేదు.

ఆ నోటుపుస్తకం గురించి కొంచెం చెప్పాలి. పాలు, మూత్రం, నిద్ర లెక్కలతోపాటు చివర "ఈరోజు" అని ఒక గడి ఉంటుంది. అందులో ఆయమ్మ చెబితే మేడమ్ రాస్తారు. జూన్ 25: "గరిటె కిందపడేసి చప్పుడు విని నవ్వింది. పదకొండుసార్లు తీసి ఇచ్చాము." జూలై 3: "బంతిమీద గుడ్డ కప్పితే లాగి తీసింది." జూలై 10: "బ బ బ అంటోంది. మేమూ అన్నాము." ఇంట్లో చెంచా పడేస్తే రెండోసారికే విసుక్కునేదాన్ని, పడేయడం తన ప్రయోగమనీ, వస్తువు కనబడకపోయినా ఉంటుందన్న జ్ఞానం ఆ గుడ్డ లాగడంతో మొదలవుతుందనీ ఈ పుస్తకం చదివే తెలుసుకున్నాను. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో పుట్టుకనుంచి మూడేళ్ళవరకు పిల్లలకోసం తెచ్చిన "నవచేతన" అనే మార్గసూచికలో నెలవారీగా ఇటువంటి ఆటలే ఉన్నాయని మేడమ్ చూపించారు. మన దోబూచులాట, చప్పట్లు, అద్దంలో చూపించడం, గిన్నెలు వాయించడం లాంటివే. ఉగ్గుతో పెట్టిన విద్య అని పెద్దలు ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది.

తిండి సంగతి సులువుగానే గడిచింది. ఆరు నెలలు నిండగానే అన్నప్రాశన చేసి, మెత్తగా మెదిపిన పెసరపప్పన్నం, రాగిజావ మొదలుపెట్టాము. ఏడాది నిండేవరకు ఉప్పు, చక్కెర వేయరు, తేనె నాకించరు. ఏదైనా కొత్తది మూడు రోజులు ఇంట్లో పెట్టి చూశాకే డే కేర్‌కు పంపాలి.

జూలై 7నుంచి పొద్దుట ఏడుపు పూర్తిగా ఆగిపోయింది. ఇక గట్టెక్కామనుకున్నాను. ఎనిమిది నెలలు నిండిన మూడో రోజు, జూలై 21న, అంతా మొదటికొచ్చింది. కొత్తముఖం చూస్తే నా మెడ కరచుకునేది, రాత్రుళ్ళు నాలుగుసార్లు లేచేది. దానికి తోడు ఆయమ్మ కూతురి పురిటికని ఆ వారమే సెలవు పెట్టింది. చిన్న ఆయా ఎంత బుజ్జగించినా పాప జావ ముట్టలేదు. అమ్మ వేరు, ఇతరులు వేరు అని తెలివి వచ్చే వయసే అది, కంగారుపడవద్దని డాక్టరుగారు ఫోనులో చెప్పారు. వినడానికి బాగున్నా, పొద్దున్నే ఆ చిన్న వేళ్ళను నా చీరకుచ్చెళ్ళనుంచి ఒక్కొక్కటిగా విడదీయవలసింది నేనే కదా. ఉద్యోగం మానేస్తానని మావారితో రెండు రాత్రులు గట్టిగా అన్నాను. ఆయన వాదించలేదు. "ఆయమ్మ వచ్చేదాకా ఆగుదాం" అన్నారు.

జూలై 28 సోమవారం ఆయమ్మ వచ్చింది. గుమ్మం దగ్గరే ఆమె గొంతు విని పాప తల తిప్పి, నా చంకలోంచి రెండు చేతులూ చాచి ముందుకు వంగిపోయింది. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా, కానీ బండిమీద బెంజి సర్కిల్ చేరేదాకా గొంతులో ఏదో అడ్డుపడినట్టే ఉంది. తొమ్మిదినెలలు మోసి కన్నది నేను, చేతులు చాచింది ఆమెవైపు. ఆ సాయంత్రం ఆ మాట ఆయమ్మతోనే చెప్పాను. "చేతులు చాచడం మీ దగ్గరే నేర్చిందమ్మా" అని ఆమె పాప నోరు తుడిచి నాకు అందించింది.

ఆగస్టు 18న తొమ్మిది నెలలు నిండాయి, మీజిల్స్-రుబెల్లా టీకా వేయించాము. ఆ వారంలోనే ఒక రాత్రి పాప నా కొంగు తీసి తన ముఖం మీద కప్పుకుని, మేము "పాపేదీ?" అనేదాకా ఆగి, తనే లాగేసి నవ్వింది. ఇంట్లో ఆ ఆట మేము ఎప్పుడూ అలా ఆడలేదు.

నవంబర్‌లో ఏడాది నిండితే పాప పక్క గదికి మారాలి, ఆ గదిలో ఆయమ్మ ఉండదు. అక్టోబర్ మొదటి వారంనుంచి రోజుకు కాసేపు ఆయమ్మే పాపను ఎత్తుకుని ఆ గదిలో కూర్చుంటుందనీ, కొత్త ఆయా కూడా ఈ గదికి వచ్చి పోతుంటుందనీ మేడమ్ చెప్పారు. చీర ముక్క ఇంకొకటి అడిగారు. ఉతకకుండా పక్కన పెట్టి ఉంచాను.